అమ్మ పటంలో అత్త చెయ్యి

మా అమ్మ పటంలో ఒక కన్ను ఆవిడ ముప్పై ఏళ్ళప్పటి ఫోటోలోది, రెండోది అరవై దాటాక తీసినది. చూసినవాళ్ళు కొందరు మెల్లకన్ను అనుకుంటారు. అనుకోనీ. కుడి చెంప మా మేనమామ గృహప్రవేశంలోది, ఎడమ చెంప ఎవరి బారసాలలోదో నాకే గుర్తు లేదు. గడ్డం ఆధార్ కార్డుది. ఆ పటం చేసింది నేను, చేయించుకుంది మా అమ్మ. అందులో తప్పేమైనా ఉంటే మా ఇద్దరినీ కలిపి అనాలి. ఆవిడ పోయింది కదా అని నన్నొక్కదాన్నే పట్టుకుని దులిపితే ఊరుకోను.

నేను అనకాపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ, నేను ఉండేవాళ్ళం. నాన్న కర్మల్లో ఆడవాళ్ళు ఆచారం ప్రకారం అమ్మ బొట్టు తుడిచారు, గాజులు తీశారు. మర్నాడు పొద్దున్న అమ్మ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తరవాత కుంకుమ భరిణె తీసి ఎప్పటిలాగే రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుంది. నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, లోపలికి వస్తూ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇదేటి వదినా?”

“బొట్టు. ఇది నేకపోతే అద్దంలో నా మొకం నాకే తెలవటం నేదు.”

ఆ తరవాత ఎవరు ఎన్ని అడిగినా ఆవిడ చెప్పింది ఆ ఒక్క మాటే. చుట్టాలు కొన్నాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, తరవాత అలిసిపోయి తీసేసుకున్నారు. కాని పెళ్ళిళ్ళలో మాత్రం కసి తీర్చుకునేవారు. ఫోటోలకు అందరూ స్టేజీ ఎక్కే వేళకి ఎవరో ఒకరు వచ్చి, వంటలకాడ ఏటవుతందో చూసి రమ్మని అమ్మను పంపించేవారు. బొట్టున్న విధవ ఫోటోలో పడితే ఆల్బమ్‌కి అరిష్టమట.

నాన్న ఉన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టారు? అప్పుడూ అంచునే. చేతిలో ఎప్పుడూ గరిటో బిందో ఉండేది, అందరూ సర్దుకుని నిలబడ్డాక పరుగెత్తుకొచ్చి చివర నిలబడేది, కెమెరా సగం మనిషినే పట్టేది. మా ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ వెతికినా, గోరంత ఆధార్ కార్డు మొహం తప్ప అమ్మ ఒక్కతే నిండుగా ఉన్నది ఒక్కటీ లేదు. అన్నిట్లోనూ అమ్మ ఉంది, ముక్కలుగా ఉంది.

ఈ సంగతి నాకు తట్టింది కాదు. అమ్మకే తట్టింది. దానికి కారణం మా నాయనమ్మ పటం.

నాయనమ్మ పోయినప్పుడు చిన్నాన్న ఏ కార్డు మీదదో చిన్న ఫోటో పట్టుకెళ్ళి స్టూడియోలో ఇచ్చాడు. వాళ్ళు తల మాత్రం నాయనమ్మది ఉంచి, మెడ కింద ఎవరిదో ఒళ్ళు అతికించారు. ఎర్ర పట్టుచీర, కాసులపేరు, వంకీలు. నాయనమ్మ పొలం నుంచి వచ్చి అడ్డచుట్ట నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునే మనిషి. నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని కాల్చే ఆ చుట్ట వల్ల పెదాలు నల్లగా కమిలి ఉండేవి. స్టూడియోవాళ్ళు పెదాలకి గులాబీ రంగు వేశారు. నుదురు మాత్రం బోసిగా ఉంచారు, ఎందుకంటే విధవ కదా. నగలన్నీ పెట్టి బొట్టు ఒక్కటే మానేశారు. చిన్నాన్న ఇంటి ముందు గదిలో ఆ పటం కింద ఇప్పటికీ దీపం వెలుగుతూ ఉంటుంది. పిల్లలు దండం పెట్టేది ఎవరికో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు చిన్నాన్న ఇంటి నుంచి వస్తూ ఆటోలో అమ్మ అంది:

“సూసేవా మీ నాయనమ్మని? ఎవలో పెద్దింటి ఆవిడలాగ కూకోబెట్టేరు. రేపు నానుగాని పోతే నన్నూ అలాగే సేత్తాడు మీ సిన్నాన్న. బొట్టు తుడిపించేత్తాడు.”

“నేనుండగా ఎలా చేస్తాడమ్మా?”

“నువ్వేటి సేత్తావు? అప్పుడు నీకు ఏడుపే సాలద్ది. అంచేత ఇప్పుడే సెయ్యి. నువ్వు బొమ్మలేసేదానివి కదా, నా బొమ్మ నాకు సెయ్యి.”

బొమ్మ గీస్తానంటే ఒప్పుకోలేదు. గీసింది మనిషి కాదట, ఫోటోయే కావాలట. కొత్తగా ఫోటో తీయిస్తానంటే, కెమెరా ముందు బిగుసుకుపోతాను, అది నేను కాను పొమ్మంది. అప్పుడు ఆల్బమ్‌లన్నీ నేల మీద పరిచాం. ఒక పెళ్ళిలో వడ్డిస్తున్న చెయ్యి ఉంది. ఇంకో దాంట్లో ఎవరి వెనకో సగం నవ్వు ఉంది. చిన్నాన్న కొత్త చెరకు గానుగ మోటారు పక్కన దర్జాగా నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంది. దాని మూలన బెల్లం పెనం కింద మంటలోకి చెరకు పిప్పి తోస్తున్న ముంజెయ్యి కనపడుతుంది. ముంజేతి మీద పాకం చింది కాలిన మచ్చ. “అది నాదే,” అంది అమ్మ, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు.

ఫోటోలను స్కాన్ చేసి కాపీలు కోద్దామనుకున్నాను. అమ్మ కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది.

“కాపీ కాయితాలు నాలుగేళ్ళకి తెల్లబడిపోతాయి. అసలువే కొయ్యి. ఆధార్ కార్డైతే మళ్ళీ ఇత్తారు.”

మా వైపు ఫోటో చించరు, బతికున్న మనిషి ఫోటోకి కత్తెర అసలే తగలనివ్వరు. నేను కత్తెర ముట్టుకోలేదు. మొదటి ముక్క అమ్మే కోసింది, చింతపండులో గింజ తీసినంత తేలిగ్గా. ఆ తరవాత నాకూ ధైర్యం వచ్చింది. అతికించడానికి మైదా ఉడికించి ఇచ్చింది కూడా ఆవిడే, ఉండలు కట్టకుండా. సెలవురోజుల్లో నేను ప్లైవుడ్ చెక్క మీద ముక్కలు పేర్చుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. చెవి కొంచెం కిందికి జరపమనేది. ఆ పైట ఆ చీరది కాదనేది. తనకు నచ్చిన తన మొహాన్ని తనే దగ్గరుండి కట్టించుకుంది, మేస్త్రీ మీద నమ్మకం లేని ఇంటావిడలాగ.

ఎడమ భుజం దగ్గర పేచీ వచ్చింది. ఆ భుజం చిన్నాన్న పెళ్ళి ఫోటోలోది. అందులో నడుమ నిలబడ్డది మా మేనత్త, నాన్నకి అక్క, దేవరాపల్లి దగ్గర ఊళ్ళో ఇచ్చారు. అత్త భర్త, మావయ్య, అప్పటికి బతికే ఉన్నాడు. అమ్మ ఎప్పటిలాగే తప్పించుకుపోతుంటే అత్త భుజం పట్టుకుని ఫోటోలోకి లాగిందట. అందుకని భుజం మీద అత్త చెయ్యి ఉంది, మోచేతి దాకా ఎరుపూ ఆకుపచ్చా గాజులతో. ఆ చేతిని కోసెయ్యబోయాను.

“ఉండనీ,” అంది అమ్మ. “ఆ సెయ్యి నేకపోతే ఆ ఫోటోలో నాను ఉండేదాన్నే కాదు.”

ఉంచాను. అందుకే మా అమ్మ పటంలో మూడు చేతులుంటాయి.

చివరికి నుదురు మిగిలింది. దొరికిన ముక్కల్లో బొట్టు సరిగ్గా పడినది ఒక్కటీ లేదు, ఒకదాంట్లో నీడ, ఒకదాంట్లో ఎవరి జడో అడ్డం. ఎర్ర కాగితం గుండ్రంగా కోసి అతికిస్తానన్నాను. అమ్మ లేచి వెళ్ళి నూకాలమ్మ గుడి కుంకుమ తెచ్చి, గిన్నెలో మిగిలిన మైదాలో కలిపింది. ఉంగరపు వేలు అందులో ముంచి పటం నుదుటి మీద నొక్కి పెట్టింది. వేలు తీశాక చూస్తే బొట్టులో వేలి గీతలు కనపడుతున్నాయి.

“ఇప్పుడు తుడవమను,” అంది.

అద్దం వేయించి, చెక్క ఫ్రేము కట్టించి, ముందు గదిలో పెట్టాం. మా వైపు గోడ ఎక్కేది దేవుళ్ళూ, పోయినవాళ్ళూనే. బతికున్నవాళ్ళు గుంపులో ఉండవచ్చు, పెళ్ళి ఫోటోలో జంటగా ఉండవచ్చు గాని, ఒక్క మనిషి అంత పెద్ద పటంలో గోడ మీద ఉందంటే ఆ మనిషి లేనట్టే లెక్క. ఇది మాకు తెలియక కాదు, పట్టించుకోలేదు. దాని ఫలితం అత్త అనుభవించింది.

అత్త అనకాపల్లి వచ్చినప్పుడల్లా చెప్పకుండా దిగుతుంది. ఆ రోజూ అలాగే సంచీ పట్టుకుని గుమ్మం ఎక్కింది, పటం చూసింది, సంచీ వదిలేసి అక్కడే కూలబడింది.

“ఓలమ్మ, ఎప్పుడు పోనావే మరదలా. ఒక్క కబురైనా సెయ్యనేదేటే. నాకన్నా సిన్నదానివి కదే.”

రాగం తీసి ఏడుస్తోంది. నేను పెరట్లో నుంచి పరుగెత్తుకొచ్చి, చెప్పడానికి నోరు తెరిచేలోగా ఎదురింటి ఆవిడ కూడా వచ్చి కళ్ళు ఒత్తుకోవడం మొదలుపెట్టింది, ఆ పొద్దున్నే మా అమ్మ దగ్గర పెరుగు తోడు పట్టుకెళ్ళిన మనిషి. ఇంతలో అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

“టీ ఎట్టమంటావా వదినా, ఏడుపు అయినాక ఎట్టమంటావా?”

అత్త అమ్మను చూసింది, పటాన్ని చూసింది, మళ్ళీ అమ్మను చూసింది. ఏడుపు మింగింది. ఆ తరవాత వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

“బతికున్న మనిసికి పటం కట్టి గోడకెడతారేటే, బుద్ధినేని ముండల్లారా. నా గుండె ఆగిపోతే ఎవలిదే పూచీ?”

“నీకూ ఒకటి కట్టేద్దుం,” అంది అమ్మ. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాను.

టీ తాగుతూ కూడా అత్త తిడుతూనే ఉంది. గ్లాసు కింద పెట్టి, ఇంకా ఏం వంకలు పెడదామా అని పటం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

“ఒలే, ఈ సెయ్యి ఎవలిదే?”

“నీదే వదినా. నీ తమ్ముడి పెళ్ళినాటిది.”

అత్త తన చెయ్యి పైకెత్తి పటం పక్కన పెట్టి చూసుకుంది. మావయ్య పోయిననాడు తీసిన గాజులు ఆ చెయ్యి మళ్ళీ వేసుకోలేదు. అత్త అమ్మలాంటిది కాదు, లోకానికి తలవంచిన మనిషి. బస్సు వేళ అయిందని చెప్పేదాకా అక్కడే నిలబడింది.

చిన్నాన్న రాక ఇంకోలా జరిగింది. ఆయన ఏడవలేదు. పటం సంగతి అత్త చెప్పే ఉంటుంది, నేరుగా ఆల్బమ్ తీయమన్నాడు. తన పెళ్ళి ఫోటోలో అత్త పక్కన మనిషంత చిల్లు, అత్తకి ఒక చెయ్యి లేదు.

“నా పెళ్ళి ఫోటో పాడుసేసేరు కదా వదినా. ఇక్కడ సూడు, ఎంత సిల్లో.”

“అక్కడ నాను ఉండేదాన్ని మరిదీ,” అంది అమ్మ. “ఇన్నాళ్ళూ నీకు కనపడనేదు. సిల్లు అయితే కనపడ్డాది.”

ఆయన ఆల్బమ్ మూసేశాడు. ఆ పటం అక్కడ నుంచి తీసెయ్యమనీ, బతికున్న మనిషికి అది మంచిది కాదనీ, ఏడాది తిరక్కుండా ఏదో ఒకటి అవుతుందనీ చెప్పి వెళ్ళాడు. అమ్మ తీయలేదు. ఏడాది తిరిగింది. ఆ పై ఏడూ తిరిగింది. పటం కింద కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు తుంచుతూ, టీవీ చూస్తూ, ఎవరొచ్చినా “పైన సూడు, కింద సూడు, ఏది బాగుంది?” అని అడిగేది.

పోయినేడు వానల్లో, పొద్దున్న కాఫీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి, అదే కుర్చీలో కూర్చుని పోయింది. నేను స్కూలుకి తయారవుతున్నాను. పిలిస్తే పలకలేదు.

అమ్మ అన్న మాట నిజమైంది. నాకు ఏడుపే సరిపోయింది. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి కొరివి చిన్నాన్నే పెట్టాడు, కర్మలన్నీ ఆయనే చేశాడు. నేను ఏ పనికీ అడ్డు చెప్పలేదు, చెప్పే ఓపిక లేదు. పెద్దకర్మ నాటి పొద్దున్న బయటికి వచ్చేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. ఇంటి ముందు షామియానా కింద కుర్చీ మీద అదే మొహంతో పెద్ద ఫోటో, దానికి దండ. ఎవరో పక్క వీధిలో పోయారు కాబోలు, ఫోటో పొరపాటున ఇక్కడ పెట్టారు అనుకున్నాను. దగ్గరికి వెళితే గడ్డం ఆధార్ కార్డుది. మిగతాదంతా స్టూడియోది. నీలం పట్టుచీర, రెండు వరసల గొలుసు, పాలిష్ పెట్టినట్టున్న చెంపలు. నుదురు బోసిగా ఉంది.

ఒళ్ళు మండిపోయింది. అన్ని రోజుల ఏడుపు ఆ ఒక్క నిమిషంలో ఎండిపోయింది. లోపలికి వెళ్ళి గోడ మీది పటం దించి మోసుకొచ్చాను. స్టూడియో ఫోటో తీసి పక్కన నేల మీద పెట్టి, అమ్మను కుర్చీలో పెట్టాను. చిన్నాన్న వచ్చి పటానికి ఒక పక్క పట్టుకున్నాడు.

“లోపలెట్టెయ్ అమ్మా. ఊరు ఊరంతా వత్తారు. ముక్కలు అతికించిన మొకం ఎట్టి నవ్వులపాలు సెయ్యకు.”

“అది అమ్మ కాదు చిన్నాన్నా. బొట్టెందుకు తీయించావు?”

“బతికినన్నాళ్ళూ దానికోసం మాట పడ్డాది మా వదిన. పోయినాకైనా ఎవలూ ఏటీ అనకూడదని తీయించేను. కొరివెట్టినోడిని, ఇయాల ఏ పటం ఎట్టాలో నానే సెప్పాల.”

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయనకి అమ్మంటే ప్రేమే, నాకు తెలుసు. ప్రేమతోనే తుడిచాడు. నాకది ఇంకా కడుపు మండేలా చేసింది. నేను రెండో పక్క పట్టుకుని వదలలేదు. ఆయన లాగాడు, నేను లాగాను. భోజనాలకి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పడం మానేసి చూస్తున్నారు. తియ్యను, కావాలంటే ఈ పెద్దకర్మే నాకక్కర్లేదు, వంటలు కుక్కలకి పెట్టుకోండి అని గట్టిగానే అన్నాను. అది అక్కడ అనవలసిన మాట కాదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అన్నాను.

అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి అత్త లేచి వచ్చింది. పెద్దావిడ కాబట్టి అందరూ దారి ఇచ్చారు. నాకు బుద్ధి చెప్పడానికే వస్తోందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అత్త నా వైపు చూడనే లేదు. పటంలో భుజం మీద వేలు పెట్టింది.

“ఒరే తమ్ముడా, ఈ సెయ్యి ఎవలిదో తెలుసా నీకు?”

“నీదే కదా అక్కా,” అన్నాడు చిన్నాన్న.

“నాది. ఆ గాజులు నీ పెళ్ళికని మీ బావ కొన్నాడు. నా సేతికి గాజులున్నట్టు ఈ భూమ్మీద మిగిలిన గుర్తు ఇదొక్కటే. ఈ పటం లోపలెట్టాలంటే నా సెయ్యీ లోపలెట్టాల. ఎట్టు, సూత్తాను.”

చిన్నాన్న ఆ చెయ్యి వైపు చూశాడు. ఆ తరవాత ఆయన పట్టు వదిలిపోయింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని షామియానా స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అత్తే దండ తీసి అమ్మ పటానికి వేసింది. పూలు గాజుల మీద పడుతుంటే పక్కకి జరిపింది. వచ్చినవాళ్ళు దండం పెట్టి, వెళ్ళి భోజనాలకి కూర్చున్నారు. వెనక ఏమనుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు వీధి చివర ఇడ్లీ బండికి ఎండ తగలకుండా కట్టుకున్నారు. నీలం పట్టుచీర ఆవిడ రోజూ అక్కడ నవ్వుతూ ఉంటుంది. ఆవిడ మా అమ్మ కాదు కాబట్టి నాకేం బాధ లేదు.

సాయంత్రం అత్త బస్సుకి బయల్దేరుతూ, సంచీ భుజానికి తగిలించుకుని, పటం దగ్గర ఆగింది.

“ఒలే గుంటా, నా ఫోటోలు ఎక్కడెక్కడున్నాయో ఎతుకు. నాకూ ఒకటి సెయ్యి. బతికుండగానే సెయ్యి, తమ్ముడికి వదిలేత్తే పట్టుసీర కట్టేత్తాడు.”

“సరే అత్తా,” అన్నాను. అడగాలా వద్దా అని తటపటాయించి, అడిగేశాను. “మరి నుదురు?”

అత్త బోసి నుదురు నా వైపు తిప్పింది.

“అది నువ్వు ముట్టుకోకు. మీ అమ్మ భరిణె దాసి ఉంచు. నానే వచ్చి ఎట్టుకుంటాను.”